పెసూనాంబ ఎప్పుడు మాట్లాడుతుంది?

బతకడానికి కావలసిన పాఠాలన్నీ ‘బుడుగు’లోనే ఉన్నాయనడం మన సాహిత్య సభల్లో ఒక మర్యాదగా మారింది. 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ రాతతో, బాపు గీతతో వచ్చిన ఆ పిల్లవాడంటే నాకూ ఇష్టమే. పుంగనూరులో బాల్యం, మదనపల్లెలో డిగ్రీ, కుప్పంలో పిహెచ్.డి., ఇన్నేళ్ళూ ఆ పుస్తకం నా వెంటే ఉంది. అందుకే అడుగుతున్నాను: ఆ పాఠాలు ఎవరికి?

బుడుగు అమ్మానాన్నల్ని రాధా, గోపాలం అని పేర్లు పెట్టి పిలుస్తాడు. ప్రైవేటు మాష్టార్లని హడలెత్తిస్తాడు. పెద్దరికానికి జంకకపోవడం, తోచింది అడగడం గొప్ప పాఠాలే. కానీ మా వైపు ఇళ్ళల్లో ఆ పని కొడుకు చేస్తే గడుసుతనం, కూతురు చేస్తే నోటిదురుసు.

అతని ఆటల నేస్తం సంగతి చూడండి. ఆమెది శ్రీకాళహస్తి అమ్మవారి పేరు, జ్ఞానప్రసూనాంబ. బుడుగు నోట్లో పడి సీగానపెసూనాంబ అయింది. నవ్వుకున్నాం. ఆ నవ్వులో పేరులోని జ్ఞానం రాలిపోయిందని మనకు పట్టలేదు. మిగతా ఆడవాళ్ళూ అంతే. ఒకరికి జడల లెక్క: రెండుజెళ్ళ సీత. ఇంకొకరికి ఒంటి బరువు: లావుపాటి పక్కింటి పిన్నిగారు. కథ చెప్పేది బుడుగు. వీళ్ళు మనకు తెలిసేది అతని చూపులోంచే.

“పసివాడి మాటలమ్మా, హాస్యాన్ని హాస్యంగా చూడాలి” అని ఒక సదస్సులో పెద్దలొకరు నన్ను మందలించారు. పసివాడికి ఆ చూపు ఎక్కడిది? ఇంట్లో పెద్దవాళ్ళదే. పెద్దల మాటల్ని పిల్లవాడి నోట వినిపించి వాళ్ళ బండారం బయటపెట్టడమే రమణ చేసిన పని. ఆ బండారంలో ఆడవాళ్ళ వాటా గురించి అడిగితే మాత్రం ఎందుకంత ఉలుకు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. ఎదురు చెప్పే పాఠం వీళ్ళకెవరు నేర్పారు? బాల్యం అందరిదీ ఒకటేనని మురిసిపోయే వ్యాసాల్లో వీళ్ళ బాల్యం ఎక్కడుంది?

పుస్తకాన్ని అటకెక్కించమనడం లేదు. తరగతి గదిలోకి తెమ్మంటున్నాను. మదనపల్లెలో, కుప్పంలో తెలుగు చదివే అమ్మాయిలకు ఒక పని ఇవ్వండి. అదే వీధి కథని పెసూనాంబ చేత చెప్పించమనండి, అరవం, కన్నడం కలిసిన మన సరిహద్దు తెలుగులోనే. అప్పుడూ నవ్వొస్తుంది. ఎవరికి నవ్వొస్తుందో, ఎవరికి ఇబ్బందిగా ఉంటుందో అప్పుడు మాట్లాడుకుందాం.