అమ్మ ఇంట్లోనే ఉంటాది

ధర్మవరం పట్టుచీర గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే మాకు ఛాతీ పొంగుతుంది. లేపాక్షి గుడి పైకప్పు మీది చిత్రాలు చీరల అంచుల్లోకి, కొంగుల్లోకి ఎలా దిగొచ్చాయో ఆఫీసులో పక్క సీటువాళ్లకు కథలు కథలుగా చెబుతాం. అదే చీర నేసిన ఇంట్లో ఎవరెవరు ఏ పని చేశారు, ఎవరి నడుము పడిపోయింది, ఎవరి చూపు మందగించింది అని అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. మేమంటే పరాయివాళ్లం కాదు. కొత్తచెరువు, బుక్కపట్నం, ధర్మవరం చుట్టుపక్కల మగ్గమున్న ఇళ్లలో పుట్టి, ఆ మగ్గం కూలితోనే చదువుకొని, బెంగళూరుకో హైదరాబాదుకో పోయి ఉద్యోగాల్లో కుదురుకున్న తరం. నేతన్నకు సర్కారు చేసిన ద్రోహం గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. మేం చేసింది కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఈ నాలుగు మాటలు.

చీరను మగ్గం గుంతలో కూర్చున్న మనిషి ఒక్కడే నేస్తాడని ఊరంతా అనుకుంటుంది. ఫొటోలు తీసేవాళ్లు కూడా ఆయన్నే తీస్తారు. ఆయన కాళ్లు గుంతలో తొక్కుడు మీద పడకముందే ఆ ఇంట్లో ఎంత పని జరిగిపోయి ఉంటుందో మాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. తెల్లారి లేచింది మొదలు రాట్నం తిప్పి కండెలు చుట్టేది అమ్మ. రంగులద్దిన పట్టు చిక్కు తీసేది అవ్వ. రెండు పక్కలా పెద్ద అంచులున్న చీరైతే మగ్గం పక్కన ఇంకొకరు కూర్చొని అడ్డపోగు నడిపే నాడె అందించాలి. అక్కడ కూర్చునేది కూడా అమ్మో అక్కో. మగపిల్లలం బడికి పోయాం. అక్క చదువు ఐదులోనో ఏడులోనో ఆగింది. మా ఫీజు కట్టడానికి అక్క బడి మానేసిందని మాలో ఎంతమందిమి నోరు విప్పి చెప్పాం?

అన్నిట్లోకీ అతుకు పని చూడాలి. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవస్తుంటే దాని కొసలను అచ్చులో అలాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి కలుపుకుంటూ పోవాలి. పట్టుచీర పడుగంటే నాలుగైదు వేల పోగులు. వేళ్లకు ఇంత బూడిద అద్దుకుంటారు. పాత కొస, కొత్త కొస పక్కపక్కన పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పుతారు. ముడి కనిపించకూడదు, పోగు జారకూడదు. ఒకటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. అంత సన్నటి పట్టుపోగును కంటితో చూసి కాదు, వేలికొసతో తడిమి పట్టుకుంటారు. ఈ పని మా వైపు ఎక్కువగా ఆడవాళ్లదే. నలభై దాటేసరికి వాళ్లకు వేలి గీతలు అరిగిపోతాయి. ఆధార్ మిషను మీద వేలు పెడితే పడక, రేషన్ కోసం మళ్లీ మళ్లీ తిరగాల్సి వస్తే, "ఏం చేతులే నీవి" అని విసుక్కున్నది మేమే.

లెక్కలు రాసుకునేవాళ్లు ఇంటికొచ్చి "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడు, చదువుకున్నవాళ్లం కదా అని మేమే ముందుకు పోయి "అమ్మ ఇంట్లోనే ఉంటాది సార్" అన్నాం. ఆమె చేతిలో అప్పుడు కూడా కండె ఉంది. 2019-20 జాతీయ చేనేత గణనలో దేశం మొత్తం మీద తేలింది సుమారు 35 లక్షల 22 వేల మంది కార్మికులు. వాళ్లలో పాతిక లక్షల మందికి పైగా ఆడవాళ్లే. అంటే ఎక్కడో ఎవరో వాళ్లను నేతగత్తెలని రాసుకున్నారు. మా ఇళ్లలో మేం రాయించలేదు. గుర్తింపు కార్డు నాయన పేరు మీద, బ్యాంకు అప్పు నాయన పేరు మీద. కూలికి నేయించే షావుకారు పుస్తకంలో కూడా నాయన పేరే. అమ్మకు పేరున్న చోటు ఒక్కటే, రేషన్ కార్డు.

2019 డిసెంబర్ 21న ధర్మవరంలో రాష్ట్ర ప్రభుత్వ పథకం నేతన్న నేస్తం మొదలైంది. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బు ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది, కాదనను. కానీ సొంత మగ్గం లేక షావుకారు షెడ్డులో కూలికి నేసేవాళ్లు, ఇంటింటికీ తిరిగి అతుకు పని చేసుకునే ఆడవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. ఆ రోజు మేం వాట్సాప్‌లో ఫొటోలు పంచుకున్నాం. మా నాయనకు వచ్చిందా అని ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాం. పక్కింటి కూలిమగ్గం ఆయన సంగతేమిటని ఒక్కరం కూడా అర్జీ రాయలేదు. అర్జీ రాయడం వచ్చింది ఆ వీధిలో మాకే.

కరువు సీమ మాది. వానలు తక్కువ పడే జిల్లాల్లో దేశంలోనే జైసల్మేరు తర్వాత అనంతపురం అని చిన్నప్పుడే చదువుకున్నాం. వేరుశనగ ఎండిపోయింది, బోర్లు అడుగంటాయి. అప్పుడు రైతుల ఇళ్లలో కూడా మగ్గాలు దిగాయి. తొగటలు, పద్మశాలీలు, దేవాంగులే కాదు, తరతరాలుగా నాగలి పట్టిన కులాలవాళ్లు కూడా గుంతలో కూర్చొని నేత నేర్చుకున్నారు. ఈ గడ్డ మీద వాన చేయలేని పని మగ్గం చేసింది. మా కులవిద్య వాళ్లకెందుకని మొదట్లో మా పెద్దలు మూతి ముడుచుకున్న మాట నిజం. తర్వాత కూలి రేట్లు పడిపోతే ఆ తప్పంతా వాళ్ల మీదికే తోసిన మాట కూడా నిజం. షావుకారు ఇద్దర్నీ ఒకే రేటుకు నేయిస్తున్నాడని గుర్తించి, ఇద్దరం ఒక సంఘంగా నిలబడి ఉంటే కథ వేరేగా ఉండేది.

కరువు అనగానే రాసేవాళ్లకు రైతే కనిపించాడు. సింగమనేని నారాయణ లాంటివాళ్లు ఆ రైతు గోసను గుండెకు హత్తుకునేలా చెప్పారు, వాళ్ల రుణం తీరనిది. మగ్గం గురించి రాధేయ "మగ్గం బతుకు" రాశారు. మిగతా మేమంతా చదువుకున్నవాళ్లమే, పెన్నున్నవాళ్లమే. అయినా మా ఇంటి సంగతి సాహిత్యం కాదనుకున్నాం.

ఇంగ్లండులో లాంకషైర్‌లోని మిడిల్టన్ అనే ఊళ్లో శామ్యూల్ బామ్‌ఫర్డ్ అని, అలా అనుకోని ఒక పట్టునేతగాడు ఉండేవాడు. 1788లో పుట్టి 1872 దాకా బతికాడు. హక్కులు అడగడానికి 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ మైదానానికి తన ఊరి జనాన్ని నడిపించుకుపోయాడు. అక్కడ గుర్రపు దళం జనం మీద పడి కత్తులు దూసింది. తర్వాత అతణ్ణి జైల్లో పెట్టారు. బయటికొచ్చాక తన బాల్యం, ఇల్లు, మగ్గం, ఊరి పండుగలు అన్నీ పుస్తకాల్లో పెట్టాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వేరొకటి. ఆ రోజు మైదానంలో తన భార్య జెమైమా ఏం చూసిందో, భర్త కోసం ఎలా వెతుక్కుందో ఆమె మాటల్లోనే తన పుస్తకంలో చేర్చాడు. ఆ దేశంలోనే కార్ట్‌రైట్ అనే ఆయన మరమగ్గానికి 1785లో పేటెంట్ తీసుకున్నాడు. 1820ల్లో బ్రిటన్‌లో రెండు లక్షల పైచిలుకు ఉన్న నూలు చేమగ్గాల నేతగాళ్లు 1850 నాటికి నలభై వేలకు పడిపోయారని అంచనా. ఆ బతుకు అక్కడ పోయింది. పోయేముందు ఒక నేతగాడు, అతని భార్య తమ గొంతు కాగితం మీద వదిలారు. మా దగ్గర మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, కాగితం మాత్రం దాదాపు ఖాళీగా ఉంది.

మరమగ్గాన్ని తిట్టడం మాకు అలవాటు. 1985లో చేనేతకు రక్షణగా చట్టం వచ్చింది. చేమగ్గం మీదే నేయాలని మొదట 22 రకాలు ప్రత్యేకించారు, తర్వాత వాటిని 11కు కుదించారు. ఆ చట్టం చెల్లుతుందని 1993లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అమలు చేసే నాథుడు లేడని అంటూ ఉంటాం. మరి మా ఇళ్ల పెళ్లిళ్లకు పెట్టుబడి చీరలు ఎక్కడివి? కట్టలు కట్టలుగా పవర్‌లూమ్ సరుకే తెచ్చాం. పెళ్లికూతురి చీర ఒక్కటి చేనేత అయితే చాలనుకున్నాం. ఆగస్టు 7న చేనేత దినోత్సవమని ఒక నేత పెద్దాయన్ను వేదిక ఎక్కించి మిల్లు శాలువా కప్పాం.

సంబంధాల దగ్గర ఇంకా ఘోరం. "పిల్లోడు మగ్గం నేస్తాడంట" అనగానే ముఖం తిప్పుకున్నది మా ఇళ్లే. ముప్పై ఐదేళ్లు దాటినా పెళ్లి కాని నేతగాళ్లు మా వీధుల్లో ఉన్నారు. వాళ్ల పనితనానికి వంక లేదు, తాగుబోతులు కారు. చెల్లెళ్లకు పెళ్లిళ్లు చేసి అప్పుల్లో మిగిలినవాళ్లు. ఆ చెల్లెళ్లను ఉద్యోగస్తులకే ఇవ్వాలని పట్టుబట్టింది మేం. అప్పులు మీదపడి ఉసురు తీసుకున్న నేతన్నల వార్తలు జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో వస్తే, మన వీధేనా అని పేరు చూసి పేజీ తిప్పాం.

వారసత్వం అంటే ఆస్తి పంపకమే అనుకున్నాం. నాయన పోయాక ఇల్లు పంచుకున్నాం. బండలు పరిపించడానికి మగ్గం గుంతను మట్టితో పూడ్పించాం. అటక మీద జకార్డు అట్టల కట్టలు ఉండేవి. దారంతో వరసగా కుట్టి, బెజ్జాలు కొట్టిన అట్టలు. ఏ బెజ్జం దగ్గర ఏ పోగు లేస్తుందో, నెమలి మెడ ఎక్కడ తిరుగుతుందో, మామిడి పిందె ఎక్కడ ముగుస్తుందో అంతా వాటిలోనే ఉంటుంది. ఒక్కో కట్ట ఒక్కో అంచు, ఒక్కో కొంగు. వాటిని పాత సామాన్లవాడికి కాగితాల లెక్కన కిలోల చొప్పున తూకం వేసి ఇచ్చేశాం. ఏది ఏ డిజైనో చెప్పగలిగిన మనిషి, ఆ అంచు చీరలకు పక్కన కూర్చొని నాడె అందించిన మనిషి, వసారాలోనే కూర్చొని చూస్తోంది. ఆమెను అడగలేదు.

అట్టలు అమ్మని ఇళ్లు కొత్తచెరువులో ఇంకా ఉన్నాయి. ఆ తరం ఆడవాళ్లు కూడా కొందరు ఉన్నారు. కనుచూపు తగ్గినా, అట్ట చేతికిస్తే బెజ్జాలు తడిమి ఏ చీరదో చెప్పగలిగినవాళ్లు. దసరా సెలవులకు మేం అందరం ఊరికి వస్తాం. నోటు పుస్తకం తీసుకొని వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లం ఇప్పటిదాకా ఒక్కరమూ లేము.