శనివారం ఒక గంట – వంటతో చదువు పంట

పెందుర్తి తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా!

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ ఇందుకు 2026-27ను గడువుగా పెట్టింది. ఒత్తుల దగ్గర తడబడే పిల్లలు, చదివిన వాక్యం ఏమిటో చెప్పలేని పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. చదవాల్సిన అవసరం పడితే వాళ్లూ చదువుతారు. ఆ అవసరాన్ని వంట కల్పిస్తుంది.

ఉప్పు, పప్పు, బియ్యం, బెల్లం, నెయ్యి, అల్లం, మజ్జిగ, కొబ్బరి – పిల్లల్ని సతాయించే ఒత్తులన్నీ వంటింట్లోనే ఉన్నాయి. చెరగడం, జల్లించడం, దంచడం, నూరడం, వార్చడం – ఒక్కో పనికీ ఒక్కో మాట. చేత్తో చేస్తూ విన్న మాట మరుపు రాదు. ‘ముందు నానబెట్టాలి, తర్వాత వడగట్టాలి’ అని చెప్పగలిగిన బిడ్డ రేపు కథైనా వరుస తప్పకుండా చెబుతుంది. చిటికెడు మిరియాల పొడిని చెంచాడు అని చదివితే ఆ తప్పును పానకమే పట్టిస్తుంది. పనిలోంచే చదువు రావాలని గాంధీజీ కూడా 1937లో వార్ధా విద్యా సమావేశంలో చెప్పారు.

మేం కోరేది ఇదీ:

1. శనివారం నో బ్యాగ్ డే నాడు ప్రాథమిక తరగతులకు ఒక గంట వంట. పొయ్యి వెలిగించక్కర్లేదు. పానకం, వడపప్పు, మజ్జిగ, బెల్లం అటుకులు చాలు. కత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. పడని పదార్థాలేమిటో తల్లిదండ్రులు ముందే చెప్పాలి.

2. తయారీ విధానం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. పిల్లలు చదివి, చేసి, తిన్నాక సొంత మాటల్లో రాయాలి.

3. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే చేయాలి, కలిసే గిన్నెలు కడగాలి.

4. నెలకో వంట ఇంట్లో అమ్మమ్మనో నాన్ననో అడిగి రాసుకురావాలి. చోడంబలి అయినా, ఉలవచారు అయినా, ఇంటి మాటల్లోనే రాయనివ్వండి.

సిలబస్ వెనకబడుతుందన్న భయం వద్దు. చదవడం, రాయడం, కొలవడం మూడూ ఆ గంటలోనే ఉన్నాయి. ఖర్చంటారా, ఇంటికో గుప్పెడు పెసరపప్పు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీల్లో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులమే. వచ్చే సమావేశంలోనే ఈ తీర్మానం పెట్టండి. ప్రైవేటు బడుల్లో చదివించేవారు పదిమంది కలిసి ప్రధానోపాధ్యాయుల్ని అడగండి. బడి ఒప్పుకునేదాకా ఆగకుండా, ఈ ఆదివారమే మీ పిల్లల చేత పానకం చేయించండి, రాయించండి.

– పెందుర్తి తల్లిదండ్రులు