పెరటి దీపమునకు ఏ సెన్సారు మేలు?

నవంబరు మొదలు జనవరి వఱకు మన కొండలలో కాఫీ పండ్లు కోతకు వచ్చును. గుజ్జు తీసిన గింజలు కళ్లములలో ఆరుచుండును. వాటి వెనుకనే మిరియములు వచ్చును. ఏడాది కష్టమంతయు గోనెసంచులలో వాకిట నుండు కాలమిది. పొగమంచు కమ్మి పది బారల దూరమునున్న మనిషి కానరాని కాలమును ఇదియే. కావుననే సభ్యులలో పలువురు సెన్సారు దీపములను గుఱించి మమ్ము అడుగుచున్నారు. పెట్టెమీది అంకెలను చూచి కొని తెచ్చి, నెల తిరుగకముందే మూల పడవేయువారు తక్కువ కాదు. మేమును ఒకమారు అట్లే మోసపోయితిమి. కావున మా అభిప్రాయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఈ సెన్సారులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది పి.ఐ.ఆర్. అనబడునది. మనుష్యుల యొక్కయు పశువుల యొక్కయు దేహములనుండి కంటికి కానరాని పరారుణ కిరణములు వెలువడుచుండును. వెచ్చని దేహము కదలినప్పుడు ఆ కిరణములలో కలుగు మార్పును గ్రహించి ఇది దీపమును వెలిగించును. రెండవది మైక్రోవేవు సెన్సారు. రాడారు సెన్సారనియు అందురు. ఇది తానే రేడియో తరంగములను పంపి, కదలు వస్తువునుండి మరలివచ్చు తరంగములలోని మార్పును కనిపెట్టును. ఇది చుఱుకైనదే, కాని ఆ చుఱుకుదనమే మన యిండ్లయొద్ద దోషమగును. పలుచని తడికకు అవతలి కదలికను సైతము ఇది పసిగట్టును. గాలికి ఊగు అరటియాకును, చూరునుండి జారు వాననీరును దీనికి దొంగలే. ఊరక వెలుగు దీపమును ఇంటివారు నాలుగు దినములలో లెక్కచేయుట మానుదురు. అట్టి దీపము కావలి కాయదు.

కావున ఆరుబయట పి.ఐ.ఆర్. మేలని మా మతము. దేహపు వేడికిని గాలి వేడికిని అంతరము హెచ్చినకొలది అది చక్కగా పనిచేయును. మైదానములలో వేసవి రాత్రి తడబడునది మన చలిరాత్రులలో తడబడదు. దట్టమైన మంచు మాత్రము దాని చూపును కొంత తగ్గించును. దానిపై చేరిన తేమను, సాలెగూటిని తుడుచుచుండవలెను.

బిగించుటలోను నేర్పు కలదు. ఏడెనిమిది అడుగుల యెత్తు చాలును. మనిషి అడ్డముగా నడచినప్పుడు పి.ఐ.ఆర్. వెంటనే కనిపెట్టును, నేరుగా దానివైపు వచ్చినచో ఆలస్యమగును. కావున బాటకు ఎదురుగా గాక ప్రక్కగా బిగింపుడు. పొయ్యివైపు త్రిప్పకుడు. వెలుగు నిలుచు కాలమును, చూపు దూరమును, ఏపాటి చీకటిలో పనిచేయవలెనో దానిని దిద్దుకొనుటకు మూడు చిన్న మరలు ఉన్నదానినే కొనుడు. ఐ.పి. 65 అని వ్రాసియున్నది ధూళికిని నీటిధారకును తాళును, ఐ.పి. 44 చూరు క్రిందనే ఉండదగినది.

మేము మోసపోయినది సౌరదీపము విషయమున. బల్బుల లెక్కను చూచి కొంటిమి. సిల్వర్ ఓక్ నీడలో తగిలించితిమి. మంచుపట్టిన మూడవ రాత్రికే అది మూగబోయినది. తప్పు దీపముది సగము, మాది సగము. పలక వేఱుగాను దీపము వేఱుగాను ఉండి, తీగతో కలుపునట్టిదైనచో పలకను ఎండలో నిలుపవచ్చును. కరెంటు ఉన్న యింట తీగదీపమే నమ్మదగినది. అయినను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరము దాటి మన కాఫీ తోటల నీడచెట్లను కూల్చినప్పటి చీకటిని ఎఱిగినవారు ఒక సౌరదీపమును కూడ ఉంచుకొందురు.

ఖర్చు మాట. 12 వాట్ల దీపము రాత్రి 12 గంటలు వెలిగినచో నెలకు 4 యూనిట్లు దాటును. సెన్సారుతో అరగంట మాత్రమే వెలిగినచో, సెన్సారు వాడుకతో కూడ ఒక యూనిట్టు లోపలనే ముగియును. ఈ మిగులు గొప్పది కాదు. కావున పొదుపు కొఱకు గాక, ప్రాణము కొఱకు కొనుడని మేము చెప్పుచున్నాము.

ఏలయన, పలువురు మొదటి దీపమును వీధివైపు పెట్టుచున్నారు. ఇది సరికాదు. దొంగ ఏడాదికొకమారు వచ్చునేమో. మన యాడువారును వృద్ధులును ప్రతిరాత్రి మరుగుదొడ్డికిని పశువులశాలకును నడతురు. ఆ బాటలోనే కట్లపాము పడియుండును. పాము దేహపు వేడి పరిసరములతో సమానముగ నుండుటచే పి.ఐ.ఆర్. దానిని చూడదు. దీపము వెలిగినది గనుక పాము వచ్చినదనియు, వెలుగలేదు గనుక పాము లేదనియు తలంపరాదు. అది చూచునది మనలను. మన పాదము గడప దాటకముందే వెలుగు బాటపై పడునట్లు అమర్చుకొన్నచో, పామును మన కన్నులే చూచును. మొదటి దీపము ఆ బాటకు, రెండవది కళ్లమునకు. అయినను చేతిలోని టార్చిని విడువరాదు.

క్రొత్త విత్తనమును ముందొక మడిలో చల్లి చూతుము గదా! అట్లే సంఘసభ్యులు పదుగురు కలిసి ముందు ఒక్క దీపమును కొని, ఒక యింట పక్షము దినములు పరీక్షించి, పిమ్మట అందఱును కొనవలెనని మా మనవి.