ఏ సంచికో రాసుకున్నావా అమ్మా?

పోయిన ఏడు నా ప్రాజెక్టులో అన్నిటికంటే బాగా వచ్చిన పేరాని నేనే కొట్టేయాల్సి వచ్చింది. నా విషయం ‘గృహలక్ష్మి’ పత్రికలో స్త్రీల రచనలు. డాక్టర్ కె.ఎన్. కేసరి గారు 1928లో మన మద్రాసులోనే మొదలుపెట్టిన పత్రిక అది. పాత సంచికల కట్టలో ఒక వ్యాసం నచ్చి ఫోన్లో ఫోటో తీసుకున్నాను. రాయడానికి కూర్చున్నాక చూస్తే ఫోటోలో వ్యాసం ఉంది గానీ ఏ నెలో లేదు, ఏ సంపుటమో లేదు, పేజీ అంకె అంచు దగ్గర తెగిపోయింది. “ఏ సంచికో రాసుకున్నావా అమ్మా?” అని మేడమ్ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఆ కట్ట బైండింగుకి పోయిందన్నారు. పేరా తీసేశాను. ఎప్పుడో రాసిన ఆ రచయిత్రి మాట నా చేతిదాకా వచ్చి కూడా నా అజాగ్రత్త వల్ల మళ్లీ మరుగున పడింది.

ఆ తర్వాతే జొటేరో నేర్చుకున్నాను. ఇది పుస్తకాల, వ్యాసాల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధనతో సంబంధమున్నవాళ్లే తయారుచేశారు. డబ్బు కట్టనక్కర్లేదు. రాసేటప్పుడు కావలసిన చోట నొక్కితే పాదసూచిక వస్తుంది, చివర ఆధార గ్రంథాల పట్టిక దానంతటదే తయారవుతుంది.

“అవన్నీ సైన్సు వాళ్లకి, ఇంగ్లీషు వాళ్లకి. మనకి నోటుబుక్కు చాలు” అని మనలో చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కొత్త ఇంగ్లీషు పుస్తకమైతే ఐఎస్‌బిఎన్ అంకె కొడితే చాలు, వివరాలన్నీ వచ్చి పడతాయి. మన పాత తెలుగు పుస్తకాలకి ఆ అంకె ఎక్కడిది? అన్నీ మనమే తెలుగులో టైపు చేయాలి.

పేరు దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. జొటేరో లాస్ట్ అని ఒక గడి, ఫస్ట్ అని ఒక గడి చూపిస్తుంది. లాస్ట్ అంటే చివరిది కదా అని కనుపర్తి వరలక్ష్మమ్మ గారి పేరులో ‘వరలక్ష్మమ్మ’ని అందులో వేశాను. పట్టికలో ఆవిడ ‘వ’ కింద చేరారు. సరే, ఇంటిపేరుని లాస్ట్‌లో వేస్తే పాదసూచికలో ‘వరలక్ష్మమ్మ కనుపర్తి’ అని తిరగబడి వచ్చింది. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్న రచయిత్రిని మనం అలా పిలుస్తామా? ఆ గడి పక్కనే రెండు గడుల్ని ఒకటిగా మార్చే చిన్న బటన్ ఉంది. అది నొక్కి పేరు మొత్తం మనం పిలిచే వరుసలోనే రాస్తే రెండు బాధలూ తీరతాయి. ఆవిడ ‘లీలావతి’ అనే పేరుతోనూ రాశారు. అలాంటి రచనకి అచ్చులో ఉన్న పేరే వేసి, అసలు పేరుని నోట్‌లో రాయాలి. లేకపోతే ఒక్క మనిషి ఇద్దరైపోతారు.

ఇక ఏడాది సంగతి. పాత అచ్చుల్లో ‘విభవ’ అని మాత్రమే ఉంటే అది 1928-29 కావచ్చు, 1988-89 కూడా కావచ్చు. అరవై ఏళ్లకి ఆ పేరు తిరిగి వస్తుంది కదా. తేదీ గడిలో ఇంగ్లీషు సంవత్సరం వేసి, ‘ఎక్స్‌ట్రా’ అనే గడిలో తెలుగు సంవత్సరం పేరు వేయడం నా పద్ధతి. పుస్తకం ఏ లైబ్రరీలో చూశామో, దాని నంబరేమిటో రాసుకోవడానికీ గడులున్నాయి. నా పేరా పోయింది సరిగ్గా ఇలాంటి వివరాలు లేకే.

అందుకని సాఫ్ట్‌వేర్ ఉంటే అన్నీ అదే చూసుకుంటుందని నేను అనను. మనం చెప్పని పేజీ నంబరు దానికీ తెలియదు. కార్డుల మీద శ్రద్ధగా రాసుకున్న పెద్దవాళ్లు మనకంటే నయం. కానీ ఆ కార్డుల డబ్బా ఒక్కరి బల్ల మీదే ఉంటుంది. నేను అడిగేది అందరికీ ఉండే డబ్బా.

ఇక్కడ తెలుగు చదివేవాళ్లం గుప్పెడు మందిమి. ఏ సంచిక ఏ బీరువాలో ఉందో కనిపెట్టడానికి ఒక అక్కకి ఏడాది పడుతుంది. అక్క చదువు ముగించి వెళ్లిపోతే ఆ తెలివిడి కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. తర్వాత వచ్చిన చెల్లెలు మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి. జొటేరోలో గుంపు లైబ్రరీ పెట్టుకోవచ్చు, ఒకరు చేర్చింది అందరికీ కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీయే కాబట్టి ఫోటోలు అందులో పెట్టొద్దు, వివరాలు చాలు.

మన శాఖ పేరుతో అలాంటిది ఒకటి మొదలుపెడదామని మేడమ్‌ల ముందు నా మనవి. మూడో సంవత్సరం అక్కలు వెళ్లేలోపు తలా పది ఆధారాలు చేర్చాలి. మొదటి సంవత్సరం చెల్లెళ్లకి టైపింగు, పేర్ల గడి సంగతి నేను నేర్పిస్తాను. ఈలోగా ఒక్క అలవాటు చేసుకోండి. ఏ పాత పుస్తకం ఫోటో తీసినా ముందు అట్టది తీయండి, తర్వాత లోపలి పేజీ తీయండి, అంచు తెగకుండా.