సంతకానికి ముందు



మన సంఘాలలో పాటలు, కథలు, పిల్లల నాటికలు వ్రాసేవారు కొందరున్నారు. అచ్చులో తమ పేరు చూచుకోవాలనే ఆశకొద్దీ, ప్రచురణకర్త చేతికిచ్చిన కాగితాన్ని చదవకుండానే సంతకం చేసేస్తారు. "సర్వహక్కులు" అన్న ఒక్క మాటతో పునర్ముద్రణ, అనువాదం, సినిమా అన్నీ వెళ్లిపోవచ్చు. నూజివీడు వైపు రైతు పూత మీదే తోటను వ్యాపారికి ఇచ్చినా, ఇచ్చేది కాపునే, చెట్లు అతనివే. రచయిత చెట్లను కూడ వ్రాసి ఇచ్చేస్తున్నాడు.

ఇంగ్లీషు పుస్తకాలకైతే లిటరరీ ఏజెంట్లుంటారు. దళారి అనగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు, కారణం లేకపోలేదు. కాని ఈ దళారి రచయిత పక్షాన కూర్చుంటాడు. రచయితకు వచ్చినదానిలో సాధారణంగా నూటికి 15 అతని కూలి. రచయితకు రానిది అతనికీ రాదు. (ముందుగా రుసుము అడిగేవాణ్ణి నమ్మవద్దు.) రచయితకు మొగమాటం. "నా పుస్తకం వేస్తున్నారు, అదే చాలు" అనుకుంటాడు. ఏజెంటుకు ఆ మొగమాటం లేదు. రాయల్టీ దేనిమీద అని అడుగుతాడు. 200 రూపాయల పుస్తకానికి ముద్రిత వెలపై నూటికి 10 అంటే 20 రూపాయలు. దుకాణానికి 40 శాతం పోగా ప్రచురణకర్తకు చేరిన 120 మీద అంటే 12 మాత్రమే. కాగితంలో తేడా ఒక్క మాటే!

కేరళలోని అయ్‌మనం ఊరి నేపథ్యంతో అరుంధతీ రాయ్ వ్రాసిన నవల చేతిప్రతి చదివి, లండన్ ఏజెంటు డేవిడ్ గాడ్విన్ విమానమెక్కి ఢిల్లీ వచ్చాడు. 1997లో పుస్తకం వెలువడేనాటికే అనేక దేశాల హక్కులు విడివిడిగా అమ్ముడయ్యాయి. బుకర్ బహుమతి ఆ తరువాతి మాట.

తెలుగులో అటువంటి ఏజెంట్లు దాదాపు లేరు. విజయవాడ వెళ్లి రచయిత తానే మాట్లాడుకోవాలి. చాలాసార్లు అచ్చు ఖర్చూ తనదే. అలాంటప్పుడు హక్కులెందుకు ఇవ్వాలి?

1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను కొంత ఆదుకుంటుంది. హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు వ్రాయని యెడల 5 ఏళ్లే. ప్రాంతం వ్రాయని యెడల భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే షరతు లేనప్పుడు, అది రద్దవుతుంది. కాని "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని వ్రాసి ఉంటే గడువు, ప్రాంతం విషయంలో ఈ రక్షణ నిలువదు. ఆ మాటలు కనిపిస్తే గన్నవరంలోనో నూజివీడులోనో ఒక వకీలుకు చూపించండి. బేరానికి లెక్క తెలిసిన బంధువునొకరిని వెంట తీసుకువెళ్లండి. ఇద్దరి సంతకాలున్న ప్రతి ఒకటి మీ బీరువాలో ఉండాలి.