చెప్పులకు కాపలా

విశాఖపట్నంలో కాపురమంటే వేసవి సెలవుల్లో చుట్టాలకు ఊరు చూపించడమే! వాళ్ల చేతిలో ఓ జాబితా ఉంటుంది. ఒక్కరోజులోనే సింహాచలం, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, చివరికి యారాడ. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయిన కురుసురను కూడా మనవాళ్లు పదినిమిషాల్లో తేల్చేస్తారు.

ఇక యారాడ! మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ చూసేదెవరు? మగవాళ్లూ, పిల్లలూ కెరటాల్లోకి పరుగు. ఆడవాళ్లేమో చెప్పులకీ, పులిహోర డబ్బాకీ కాపలా! పైగా అక్కడి కెరటాలు మనిషిని లోపలికి లాగేస్తాయి. మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. "లోపలికెళ్లకండీ!" అని గొంతు చించుకునే ఉద్యోగం కూడా మనదే. తిరిగొచ్చి మాత్రం "అందరం అన్నీ చూసేశాం" అంటారు. ఎవరమ్మా ఆ అందరూ?

అందుకే అంటున్నాను, ఆ జాబితా చింపేయండి. రోజుకొక్క చోటు చాలు. కాపలా వంతులవారీగా వేయండి. ఓ గంట ఆయన్ని డబ్బాల దగ్గర కూర్చోబెట్టి, మీరు ఒడ్డంట తాపీగా నడిచి రండి. చెప్పులు పోతాయంటారా? పోనివ్వండి. జగదాంబ సెంటర్లో కొట్లకేం కరువు?