తహఖీఖ్ లేని తీర్పు

కంప్యూటరుకు తగిలించిన యు.ఎస్.బి. డిస్కు మందకొడిగా నడచినచో, “డిస్కు చెడినది, క్రొత్తది కొనవలెను” అనుట మన విద్యార్థులలో పరిపాటి అయినది. ఆబిడ్సు దుకాణములు కూతవేటు దూరములోనే ఉన్నవి గనుక కొనుట సులభమే. కాని విచారణ లేని తీర్పు న్యాయము కాజాలదని మా అభిప్రాయము.

సాయంకాలము మొజంజాహీ మార్కెట్టు కూడలిలో బస్సు ఆగిపోయినచో ఇంజను చెడినదని ఎవరును అనరు. ముందున్న దారి క్రిక్కిరిసినదని అందరికిని తెలియును. డిస్కు విషయమును అట్టిదే. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 దారిలో సెకనుకు 480 మెగాబిట్లకు మించి పోవు. 2008లో వచ్చిన 3.0 దారి వేగము 5 గిగాబిట్లు. అనగా పదిరెట్లకు పైమాట. క్రొత్త డిస్కునైనను పాత కేబులుతోనో, పాత పోర్టులోనో తగిలించినచో అది పాత వేగముతోనే నడచును. లినక్సులో ‘ఎల్‌ఎస్‌యుఎస్‌బి హైఫన్ టి’ అను ఆదేశమిచ్చినచో 480 అనియో, 5000 అనియో యంత్రమే చెప్పును. 3.0 డిస్కునకు 480 అని చెప్పినచో ముందుగా అనుమానింపవలసినది డిస్కును కాదు, దారిని.

అటుపిమ్మట ‘డీమెసేజ్’ ఆదేశముతో కెర్నెలు వ్రాసికొన్న సందేశములను చదువవలెను. ‘రీసెట్’ అను మాట పదేపదే కనిపించినచో కేబులునో, విద్యుత్తు చాలమినో అనుమానింపవచ్చును. చివరకు ‘స్మార్ట్‌సీటీఎల్’ పరీక్షలో చెడిన భాగములు పెరుగుచున్నట్లు తేలినచో, ముందు మన వ్రాతలను వేరొకచోట భద్రపరచి, ఆ తరువాతనే క్రొత్త డిస్కు మాట ఎత్తవలెను.

మరియొక సంగతి. లినక్సు వ్రాయవలసిన దానిని మొదట జ్ఞాపకశక్తిలో నిలుపుకొని, పిదప డిస్కునకు చేర్చును. తెరపై పని ముగిసినట్లు కనిపించినను లోపల వ్రాత సాగుచునే ఉండవచ్చును. ఆ ఆలస్యమునకు విసిగి డిస్కును పెరికివేసినచో నెలల తరబడి చేసిన ప్రాజెక్టు ఒక్క క్షణములో పాడగును. ‘సింక్’ ఆదేశమిచ్చి, అది ముగిసిన తరువాత డిస్కును పద్ధతి ప్రకారము విడదీయుటయే క్షేమము.

“ఇంత శ్రమ యెందుకు? క్రొత్తది కొనిన తీరును గదా” అని కొందరనవచ్చును. పాత కేబులుకే తగిలించిన క్రొత్త డిస్కు కూడ నత్తనడకయే నడచును. అప్పుడు డబ్బును పోయినది, జబ్బును మిగిలినది. కళాశాల సొమ్ము విద్యార్థుల ఫీజులనుండియు, పెద్దల చందాలనుండియు వచ్చినది. కావున కొనుగోలు ఇండెంటుపై “పరీక్షలో తేలిన కారణము” అను గడి ఒకటి ఉంచవలెనని కమిటీవారికి మా మనవి.

పరిశోధనకు ఉర్దూలో తహఖీఖ్ అని పేరు. సత్యమను అర్థముగల ‘హఖ్’ మాటకును దానికిని ధాతువొక్కటే. ప్రయోగశాలలోని చిన్న డిస్కు వద్దనే ఆ అభ్యాసమును ఆరంభించిన విద్యార్థి, రేపు మనుష్యుల విషయములోను తొందరపడి తీర్పు చెప్పడని మా విశ్వాసము.